మన గ్రూపుకు మన ఎమోజీలు

ఊరొదిలి వెళ్లినవాళ్లూ ఊళ్లోనే ఉన్నవాళ్లూ కలిసి నడుపుకునే ఆన్‌లైన్ గ్రూపులు గోదావరి డెల్టాలో లెక్కకు మించి ఉన్నాయి. అమలాపురంలో కలిసి చదువుకున్నవాళ్లు, భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులు చేసేవాళ్లు, మస్కట్‌లోనో డల్లాస్‌లోనో ఉంటూ రాజమండ్రి కబుర్ల కోసం ఎదురుచూసేవాళ్లు, అందరికీ ఏదో ఒక గ్రూపు ఉంటుంది. డిస్కార్డ్‌కో టెలిగ్రామ్‌కో మారిన గ్రూపుల్లో ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అంటారు: "మనకంటూ సొంత ఎమోజీలు చేసుకుందామండీ." అందరికీ ఉత్సాహం వస్తుంది. వెంటనే జాబితా తయారవుతుంది. తాపేశ్వరం కాజా, ఆత్రేయపురం పూతరేకు, పులస చేప, గోదావరి మీది ఆర్చి బ్రిడ్జి, కొబ్బరిచెట్టు. బొమ్మలు గీయడం వచ్చినవాళ్లు రాత్రిళ్లు కూర్చుని గీస్తారు. కొత్తలో అందరూ వాడతారు. తర్వాత అవి మూలపడతాయి.

బొమ్మలు బాగోక అలా జరగదు. రోజూ జరిగే మాటల్లో పూతరేకు ప్రస్తావన ఎన్నిసార్లు వస్తుంది? ఆర్చి బ్రిడ్జి గురించి వారానికి ఎన్నిసార్లు మాట్లాడుకుంటాం? ఎమోజీతో మనం ఏదో ఒకటి చెబుతాం: ఒప్పుకుంటాం, ఓదారుస్తాం, ఆటపట్టిస్తాం, తొందరపెడతాం. చెప్పవలసిన అవసరం రాని బొమ్మ ఎంత అందంగా ఉన్నా వేలు దాని మీదికి పోదు. అందుకే సొంత ఎమోజీల పని ఊరి ప్రత్యేకతల జాబితాతో మొదలుపెట్టకూడదు. గ్రూపులో జనం పదేపదే ఏం టైపు చేస్తున్నారో చూడటంతో మొదలుపెట్టాలి. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఫోన్‌లో ఉన్నవి ఎక్కడివి?

ముందు మన చేతిలో ఇప్పటికే ఉన్నవాటి సంగతి తెలియాలి. ఎమోజీ పుట్టిల్లు జపాన్. 1999లో ఎన్‌టీటీ డొకోమో అనే టెలిఫోన్ కంపెనీ కోసం షిగెటకా కురిటా 176 చిన్న బొమ్మలు తయారుచేశాడు. ఒక్కోటి అడ్డంగా 12 చుక్కలు, నిలువుగా 12 చుక్కలు. అంటే వాన, గుండె, రైలు, ఏదైనా సరే 144 చుక్కల్లో ఇమడాలి. చుక్కల ముగ్గు వేసే చేతికి ఈ పని కొత్తగా అనిపించదు. చుక్కలెన్నో ముందే తేలిపోతుంది, నెమలి రావాలన్నా తామర రావాలన్నా ఆ చుక్కల్లోనే రావాలి. ఆ 176 బొమ్మలను 2016లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ తన సేకరణలో చేర్చుకుంది.

ఒక కంపెనీ ఫోన్ నుంచి పంపిన బొమ్మ ఇంకో కంపెనీ ఫోన్‌లో కనిపించాలంటే అందరూ ఒప్పుకున్న సంఖ్య ఒకటి ఉండాలి. ఆ సంఖ్యలు కేటాయించే సంస్థ యూనికోడ్ కన్సార్టియం. తెలుగు 'అ'కు ఒక సంఖ్య ఉన్నట్టే నమస్కారం పెట్టే చేతులకూ ఒక సంఖ్య ఉంది. 2010లో వచ్చిన యూనికోడ్ 6.0 నుంచి ఎమోజీలు ఈ పద్ధతిలోకి వచ్చాయి. మనం పంపినప్పుడు వెళ్లేది ఆ సంఖ్యే. ఎదుటివారి ఫోన్ తన దగ్గరున్న ఫాంటు తీసి బొమ్మ చూపిస్తుంది. ఒకే నవ్వు ముఖం ఐఫోన్‌లో ఒకలా, శాంసంగ్‌లో ఇంకోలా ఉండటానికి కారణం ఇదే.

ఇప్పుడు ఈ జాబితాలో 3,700కు పైగా ఎమోజీలున్నాయి. డెల్టావాళ్లకు పనికొచ్చేవీ తక్కువేం లేవు. రొయ్య 2016లో వచ్చింది, కొబ్బరికాయ 2017లో, మామిడిపండు 2018లో. చీర, ఆటో, ప్రమిద, గుడి నాలుగూ 2019లో ఒకేసారి వచ్చాయి. కోడిపుంజూ తాటిచెట్టూ అంతకుముందే ఉన్నాయి. కొత్తది కావాలని ఎవరైనా ప్రతిపాదన పంపవచ్చు. కానీ ప్రపంచమంతా దాన్ని వాడతారని ఆధారాలు చూపాలి. దేవతల బొమ్మలు, ఫలానా వ్యక్తి బొమ్మలు, కంపెనీల గుర్తులు ఒప్పుకోరు. అన్నీ కుదిరినా ఫోన్‌లోకి వచ్చేసరికి చాలాకాలం పడుతుంది. మన కోనసీమ తీర్థాల్లో మోసుకెళ్లే ప్రభకు, మన ఊరి రేవు దాటించే పంటుకు అక్కడ చోటు దొరకడం కష్టం. అందులో చిన్నతనమేమీ లేదు. అది ప్రపంచానికంతటికీ ఉమ్మడి జాబితా. మన గ్రూపువాళ్లకు కావలసినవి మనమే చేసుకోవాలి.

సొంత ఎమోజీ ఎలా పనిచేస్తుంది?

సొంత ఎమోజీకి యూనికోడ్ సంఖ్య ఉండదు. అది ఒక చిన్న బొమ్మ ఫైలు. డిస్కార్డ్ లాంటి చోట్ల గ్రూపు అడ్మిన్ దాన్ని ఎక్కించి ఒక పేరు పెడతారు. సభ్యులు ఆ పేరును రెండు కోలన్ల మధ్య టైపు చేస్తే, యాప్ ఆ పేరు తీసేసి బొమ్మ పెడుతుంది. ఆ బొమ్మ ఆ గ్రూపు ఇంట్లోనే బతుకుతుంది. అదే మెసేజిని కాపీ చేసి వాట్సాప్‌లో అంటిస్తే బొమ్మ రాదు, కోలన్ల మధ్య పేరు ఒక్కటే వస్తుంది.

యాప్‌ను బట్టి వెసులుబాట్లు మారతాయి. డిస్కార్డ్‌లో డబ్బు కట్టకుండానే ఒక గ్రూపుకు 50 కదలని ఎమోజీలు, 50 కదిలేవి పెట్టుకోవచ్చు. ఫైలు 256 కిలోబైట్లు దాటకూడదు, 128 పిక్సెల్‌ల చదరం సరిపోతుంది. ఆఫీసుల్లో వాడే స్లాక్‌లోనూ దాదాపు ఇదే కొలత. టెలిగ్రామ్ 2022 ఆగస్టులో సొంత ఎమోజీలు తెచ్చింది. అక్కడ కొలత 100 పిక్సెల్‌లు, పంపడానికి సాధారణంగా ప్రీమియం చందా ఉండాలి. వాట్సాప్‌లో ఎవరికి వారు మాటల మధ్య పెట్టుకునే సొంత ఎమోజీ లేదు. దానికి బదులు 2018 అక్టోబరు నుంచి స్టిక్కర్లున్నాయి. స్టిక్కర్ 512 పిక్సెల్‌ల చదరం, వెబ్‌పీ ఫైలు, కదలనిదైతే 100 కిలోబైట్ల లోపు ఉండాలి.

స్టిక్కర్‌కూ ఎమోజీకీ తేడా కొలతలో మాత్రమే లేదు. స్టిక్కర్ తనంతట తానే ఒక మెసేజి. తెరలో సగం ఆక్రమిస్తుంది. తెలుగు వాట్సాప్‌లో హాస్యనటుడు బ్రహ్మానందం ముఖం రాజ్యమేలుతున్నది అందుకే: ఆ ముఖంలో ప్రతి కండరం కనిపించేంత చోటు ఉంటుంది. సినిమాల్లోకి రాకముందు పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పిన మనిషి, ఇవాళ చాటింగ్‌లో సగం భావాలకు ముఖమయ్యారు. ఎమోజీకి అంత చోటు దొరకదు. డిస్కార్డ్‌లో మాటల మధ్య అది సుమారు 22 పిక్సెల్‌ల చదరంలో కనిపిస్తుంది. అక్కడ ఫొటో పనికిరాదు. గీసిన బొమ్మ కావాలి, అదీ తక్కువ గీతలతో.

ఏం గీయాలో గ్రూపే చెబుతుంది

పని మొదలుపెట్టే ముందు గ్రూపులో పాత మెసేజీలు వెనక్కి జరుపుకుంటూ చదవండి. పదేపదే వచ్చిన మాటలు కాగితం మీద రాయండి. డెల్టా గ్రూపుల్లో ఏముంటాయి? పెద్దలు చెప్పినదానికి 'ఆయ్' అని ఒప్పుకోవడం ఉంటుంది. 'ఇంకాస్త వేయించుకోండి' అని మర్యాద చేయడం ఉంటుంది. వానాకాలంలో 'పంటు తిరుగుతోందా?', 'కాజ్‌వే మునిగిందా?' అన్న ప్రశ్నలుంటాయి. సంక్రాంతికి 'టికెట్ దొరికిందా?' అన్న ఆత్రం ఉంటుంది. ఈ మాటలే మీ ఎమోజీలు.

రాసుకున్న జాబితాలోంచి, ఫోన్‌లో ఇప్పటికే ఉన్నవాటిని కొట్టేయండి. గోదావరివాళ్ల వెటకారానికి ఎమోజీ కావాలని చాలామంది అడుగుతారు. ఒక కనుబొమ పైకెత్తిన ముఖం, పెదవి ఓ పక్కకు లాగిన నవ్వు రెండూ ఫోన్‌లో ఉన్నాయి. మళ్లీ గీయడం వృథా. 'ఇంకాస్త వేయించుకోండి' మాత్రం ఎక్కడా లేదు. పచ్చటి అరిటాకు, దాని మీదికి వంగిన గరిటె: రెండే వస్తువులు, రెండే రంగులు. కొత్త ఉద్యోగం వచ్చిందని ఒకరు చెప్పినప్పుడు, పిల్ల పరీక్ష పాసయిందని ఇంకొకరు చెప్పినప్పుడు, 'ఇంకా చెప్పండి' అన్న అర్థంలో కూడా ఆ గరిటె తిరుగుతుంది. మంచి ఎమోజీకి గుర్తు ఇదే. గీసినవాళ్లు అనుకోని చోట కూడా జనం దాన్ని వాడతారు.

ఈ దారిలో నడిచినవాళ్లు లోకంలో ఉన్నారు. ఫిన్లాండ్ విదేశాంగ శాఖ 2015 డిసెంబరులో తమ దేశానికంటూ ఎమోజీలు విడుదల చేసింది. అందులో ఆవిరి స్నానం చేసే మనుషులున్నారు, ఎంత పడేసినా పగలని పాత నోకియా ఫోను ఉంది, కష్టంలో మొండిగా నిలబడే తత్వానికి ఒక బొమ్మ ఉంది. చూడదగ్గ ప్రదేశాల వరుస పేర్చకుండా, తమ జనం స్వభావాన్ని గీశారు. పశ్చిమాఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌లో ఓప్లెరు గ్రెబె అనే యువ డిజైనర్ 2018లో రోజుకొకటి చొప్పున ఏడాది పొడవునా ఆఫ్రికా జీవితం మీద ఎమోజీలు గీశాడు. పెద్ద సంస్థ చేసినా ఒక్క మనిషి చేసినా, ఇద్దరూ ముందు తమవాళ్ల రోజువారీ బతుకునే చూశారు.

వరద రోజుల కోసం మూడు బొమ్మలు

ఒక ఉదాహరణను దగ్గర నుంచి చూద్దాం. జులై నుంచి సెప్టెంబరు దాకా డెల్టా గ్రూపుల్లో అన్నిటికన్నా ఎక్కువగా నడిచే కబురు గోదావరి నీటిమట్టం. ధవళేశ్వరం దగ్గర కాటన్ బ్యారేజీ వద్ద మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. ప్రవాహంలో చెప్పాలంటే అవి వరుసగా సుమారు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. 1986 ఆగస్టు వరదలో ప్రవాహం 35 లక్షల క్యూసెక్కుల స్థాయికి వెళ్లింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. నది మధ్య లంకల్లో అమ్మానాన్నలున్న పిల్లలు ఎక్కడున్నా ఆ రోజుల్లో గంటగంటకూ అడిగేది ఒకటే: "ఎన్నో హెచ్చరికలో ఉందండీ?"

ఇలాంటి గ్రూపుకు మూడు ఎమోజీలు ఎంతో పనికొస్తాయి. చదరం మధ్యలో ఒక కొలబద్ద, దాని అడుగున నీటి అల. మొదటి హెచ్చరికకు ఒక అల, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు. మొదట తట్టే ఆలోచన పసుపు, నారింజ, ఎరుపు రంగులతో తేడా చూపడం. రంగులు పెట్టండి, కానీ వాటి మీదే ఆధారపడకండి. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా కనిపించనివాళ్లు, ముఖ్యంగా మగవాళ్లలో, ప్రతి పెద్ద గ్రూపులోనూ ఉంటారు. అలల సంఖ్య అయితే ఎవరికైనా తెలుస్తుంది.

ఇక లెక్క చూడండి. మనం 128 పిక్సెల్‌ల చదరంలో గీస్తాం. అది 22 పిక్సెల్‌లకు కుదించుకుపోతుంది, అంటే దాదాపు ఆరో వంతు. మనం గీసిన గీత మందం 6 పిక్సెల్‌లైతే తెర మీద ఒక్క పిక్సెల్ మిగులుతుంది. అది ఉందో లేదో అనిపిస్తుంది. 12 ఉంటే రెండు పిక్సెల్‌లు, అప్పుడు కంటికి ఆనుతుంది. మూడు అలలకు మందం ఒక్కోటి 12, వాటి మధ్య ఖాళీ కూడా ఒక్కోటి 12 ఇస్తే మొత్తం 60. చదరంలో కింది సగం ఈ అలలకు పోతుంది, పై సగంలో కొలబద్ద నిలుస్తుంది. కొలబద్ద మీద అంకెలు రాయాలనిపిస్తుంది. రాయకండి, కనిపించవు. అడ్డగీతలు రెండు చాలు.

ఈ బొమ్మల వాడకానికి ఒక నియమం కూడా గ్రూపు పెట్టుకోవాలి. ఎమోజీ పెట్టినంత మాత్రాన హెచ్చరిక ఇచ్చినట్టు కాదు. పక్కనే మట్టం ఎంత, ఏ సమయానికి, ఏ అధికారిక ప్రకటన నుంచి అన్నది రాయాలి. నిన్నటి బొమ్మ ఇవాళ మళ్లీ తిరిగితే లంకలో పెద్దవాళ్లకు అనవసరంగా కంగారు పుడుతుంది. కంగారు పడవలసిన రోజున నిర్లక్ష్యమూ పుడుతుంది.

చిన్నచోట పెద్ద బొమ్మ

అన్ని వస్తువులూ ఈ చిన్న చదరంలోకి రావు. పూతరేకు తెల్లటి చుట్ట. 22 పిక్సెల్‌లలో అది చుట్టిన కాగితమో సుద్దముక్కో తెలియదు. పులసను గీస్తే చేప అవుతుంది, పులస అని రూపంతో చెప్పలేం. పులస కబురే ఎక్కువగా నడిచే గ్రూపైతే చేపను వదిలేసి మట్టి దాకను, అందులో పులుసును గీయడం మేలు. తాపేశ్వరం మడతకాజాకు ఆ ఇబ్బంది లేదు. దాని మడతలే దాని గుర్తు. మందపాటి మూడు వంపులు చుట్టి, బెల్లం రంగు నింపితే ఎవరైనా పోల్చుకుంటారు. వస్తువును పూర్తిగా నలుపు చేసి చూడండి. ఆ నల్లటి ఆకారం చూసి పేరు చెప్పగలిగితే అది ఎమోజీకి పనికొస్తుంది.

కోనసీమ ప్రభ ఈ పరీక్షలో నెగ్గుతుంది. కనుమనాడు జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు చేరే తీర్థం 2023 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీ వీధిలో నడిచింది. వెదురు చట్రం, రంగురంగుల బట్టలు, కుచ్చులు, గంటలు, పూలదండలు అన్నిటితో నిజమైన ప్రభలో వందల వివరాలుంటాయి. ఎమోజీలో వాటిలో మూడే మిగులుతాయి. పైన గుండ్రంగా వంగిన ఎత్తైన ఆకారం మొదటిది. లోపల అదే వంపులో రెండు రంగుల పట్టీలు రెండోది. కింద భుజాన మోసే బొంగులు మూడోది. ఆ బొంగులు తీసేస్తే ప్రభ కాస్తా కిటికీ అయిపోతుంది. ఏది తీస్తే వస్తువు మారిపోతుందో దాన్ని ఉంచాలి. ఏది తీసినా మారదో దాన్ని వదులుకోవాలి. వదులుకోవడం మనసుకు కష్టంగానే ఉంటుంది, ముఖ్యంగా చిన్నప్పటి నుంచి ఆ ప్రభను మోసినవాళ్లకు. కానీ చిన్న బొమ్మలో అన్నీ పెడితే ఏదీ కనిపించదు.

ముఖాలు గీయాలనుకునేవాళ్లకు మన దగ్గరే గొప్ప పాఠశాల ఉంది. 1933లో నరసాపురంలో పుట్టిన చిత్రకారుడు బాపు బొమ్మలు ముందు పెట్టుకుని కూర్చోండి. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ రాసిన బుడుగుకు ఆయన గీసిన ముఖాల్లో కనుబొమ ఎటు వాలింది, పెదవి చివర ఎక్కడ ఆగింది, కంటిపాప ఏ మూలకు జరిగింది అన్నదే చూడండి. కోపం, అలక, గడుసుతనం అన్నీ ఆ మూడు చోట్లే ఉంటాయి. ఆ బొమ్మలను ఎత్తి అతికించకండి. ఎక్కడ గీత పెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నది నేర్చుకోండి.

గీయడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఇంక్‌స్కేప్, క్రీటా, గింప్ మూడూ ఉచితం. ఇంక్‌స్కేప్‌లో గీస్తే బొమ్మ గీతల లెక్కగా నిలుస్తుంది కాబట్టి ఎంత కొలతకైనా చెదరకుండా మార్చుకోవచ్చు. నేపథ్యం లేకుండా పీఎన్‌జీ ఫైలుగా భద్రపరచండి, లేకపోతే బొమ్మ వెనక తెల్లటి గడి కనిపిస్తుంది. సభ్యుల్లో కొందరి తెర తెల్లగా, కొందరిది నల్లగా ఉంటుంది. నల్ల గీతల బొమ్మ నల్ల తెర మీద మాయమైపోతుంది. చుట్టూ సన్నటి తెల్ల అంచు ఇస్తే రెండిటి మీదా నిలుస్తుంది. ఎక్కించే ముందు ఫోన్‌ను చేయి చాచినంత దూరంలో పట్టుకుని, గ్రూపులో లేని మనిషికి చూపించి ఏమిటో అడగండి. వాళ్లు చెప్పలేకపోతే ఇంకో గీత తీసేయండి.

కదిలే ఎమోజీలు తక్కువగా పెట్టండి. ఒకే తెర మీద పది బొమ్మలు ఊగుతుంటే మాటలు చదవలేం. గబగబా మెరిసేవి అసలు వద్దు. సెకనుకు మూడుసార్లకు మించి మెరిసే దృశ్యాలు కొందరికి మూర్ఛ తెప్పించే ప్రమాదం ఉంది.

అక్షరమే బొమ్మ అయితే

కొన్ని భావాలకు బొమ్మ కన్నా అక్షరమే మేలు. 'ఆయ్' అన్న ఒప్పుకోలును ఏ ముఖంతో చూపిస్తాం? ఆ రెండక్షరాలనే ఎమోజీ చేయాలి. తెలుగు లిపి ఇంత చిన్నచోట కొంచెం ఇబ్బంది పెడుతుంది. తలకట్టు, దీర్ఘం పైన, ఒత్తులు కింద ఉంటాయి కాబట్టి మధ్యలో అక్షరానికి మిగిలే ఎత్తు తక్కువ. రెండక్షరాలకు మించకుండా, ఒత్తు లేకుండా చూసుకుంటే చదవగలం. 'ఆయ్' ఈ కొలతకు సరిగ్గా సరిపోతుంది.

ఫాంటు లావుగా ఉండాలి. శీర్షికల కోసం చేసిన 'రామభద్ర' ఫాంటు ఇలాంటి పనికి బాగుంటుంది. సిలికానాంధ్ర సంస్థ ఆధ్వర్యంలో వచ్చిన ఈ ఫాంటు స్వేచ్ఛా లైసెన్సుతో ఉచితంగా దొరుకుతుంది. సన్నటి గీతల ఫాంటులో గుండ్రటి అక్షరాలన్నీ ఒకేలా కనిపిస్తాయి. అక్షరాలను టైపు చేశాక వాటిని ఆకారాలుగా మార్చి భద్రపరచండి. అప్పుడు ఫైలు ఏ కంప్యూటర్లో తెరిచినా ఫాంటు లేదన్న సమస్య రాదు. అక్షరం అక్షరంగా వెళితే ప్రతి ఫోనూ దాన్ని తనకు తానుగా కూర్చుకోవాలి, ఆ కూర్పు ఒక్కోసారి తప్పుతుంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం మెసేజిలో వస్తే ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలాయి, ఆపిల్ కంపెనీ ప్రత్యేకంగా సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. బొమ్మగా మారిన అక్షరానికి ఆ బాధ లేదు.

పేరు పెట్టడంలో జాగ్రత్త

బొమ్మ ఎంత బాగున్నా పేరు గుర్తుకు రాకపోతే వాడరు. డిస్కార్డ్ లాంటి చోట్ల ఎమోజీ పేరు ఇంగ్లిషు అక్షరాల్లో, అంకెల్లో, కింది గీతతోనే రాయాలి. తెలుగు మాటను ఇంగ్లిషు అక్షరాల్లో ఒక్కొక్కరూ ఒక్కోలా రాస్తారు. దీర్ఘానికి కొందరు ఒక అక్షరం వాడితే కొందరు రెండు వాడతారు. ఏ పద్ధతి పాటించాలో గ్రూపు ఒకసారి తేల్చుకుని, చివరిదాకా దానికే కట్టుబడాలి.

ఒకే కోవకు చెందినవాటికి ముందు భాగం ఒకటే ఉంచండి. ఇంగ్లిషు అక్షరాల్లో వరద1, వరద2, వరద3 అని పెడితే మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టగానే మూడూ వరుసగా కనిపిస్తాయి. వెతకాల్సిన పని ఉండదు. ఇంకో సంగతి కూడా మరవకూడదు. చూపు లేనివాళ్ల ఫోన్ తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపిస్తుంది. ఎమోజీ దగ్గరికి వచ్చేసరికి దాని పేరే చదువుతుంది. 'ఐఎంజీ_4' అని పేరు పెట్టిన బొమ్మ వాళ్లకు ఏమీ చెప్పదు. 'గరిటె' అని పెడితే వాళ్లూ మనతో కలిసి నవ్వుతారు.

ఎవరి బొమ్మ, ఎవరి ముఖం?

1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుడి బొమ్మకు ఆయన బతికి ఉన్నంతకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. బాపు 2014లో కన్నుమూశారు, కాబట్టి ఆయన బొమ్మల హక్కులు 2074 చివరిదాకా ఉంటాయి. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లోనే, ఇంకా మూడు పదులు నిండకుండానే పోయారు. ఆయన చిత్రాలకు ఆ గడువు ఎప్పుడో తీరింది. రాజమండ్రిలో ఆయన పేరున్న ఆర్ట్ గ్యాలరీకి వెళ్లి చూస్తే మనుషుల నిలుపు, చీర మడత, తల వంపు ఎంత పొదుపుగా పలుకుతాయో తెలుస్తుంది. వాటి నుంచి నిశ్చింతగా స్ఫూర్తి పొందవచ్చు.

సినిమా దృశ్యాల్లోంచి కత్తిరించిన ముఖాలపై నిర్మాతకు హక్కులుంటాయి, నటులకు తమ రూపం మీద హక్కు ఉంటుంది. 2023 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు నటుడు అనిల్ కపూర్ పేరును, రూపాన్ని, గొంతును అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. నలుగురు స్నేహితుల మధ్య నవ్వుకోవడం వేరు, ప్యాక్ కట్టి అమ్మడం వేరు. సొంతంగా గీసుకుంటే ఈ చిక్కే ఉండదు.

తెలిసినవాళ్ల ముఖం విషయంలో ఇంకా శ్రద్ధ కావాలి. గ్రూపులో ఒకరి ముఖాన్ని ఎమోజీ చేయాలంటే ముందు వాళ్లనే అడగండి. సరదాకి సరేనన్నా, తర్వాత వద్దంటే ఆ రోజే తీసేయండి. ఎమోజీ ఒకసారి చేతికొస్తే ప్రతి చిన్న మాటకూ దాన్ని విసురుతారు. విసరబడే ముఖానికి అది ఎలా ఉంటుందో విసిరేవాళ్లకు తెలియదు. కులాన్ని గుర్తుచేసే చిహ్నాలు, పార్టీ జెండాలు, ఒక హీరో అభిమానులు ఇంకో హీరోను కించపరిచే బొమ్మలు వద్దేవద్దు. మన జిల్లాల్లో ఈ గీతలు ఎంత లోతుగా ఉన్నాయో మనకు తెలుసు. గ్రూపులో ఒక్క సభ్యుడు ఆ బొమ్మ చూసి మౌనంగా ఉండిపోయినా గ్రూపు కొంత ఓడిపోయినట్టే.

చేసినవి నిలబెట్టుకోవడం

2012లో మొదలైన హైక్ అనే మన దేశపు చాటింగ్ యాప్ భారతీయ భాషల్లో స్టిక్కర్లకు పేరు తెచ్చుకుంది. తెలుగు స్టిక్కర్లు కూడా అందులో ఉండేవి. 2021 జనవరిలో అది మూతపడింది. యాప్‌తోపాటు అందులో పంపుకున్న స్టిక్కర్లూ పోయాయి. మన ఎమోజీలకు అలాంటి గతి పట్టకూడదంటే అసలు ఫైళ్లు యాప్ బయట కూడా ఉండాలి. ఇంక్‌స్కేప్‌లో గీసిన ఎస్‌వీజీ ఫైలు, ఎక్కించిన పీఎన్‌జీ ఫైలు, ఏ బొమ్మకు ఏ పేరు పెట్టారో రాసిన కాగితం, మూడూ ఒక ఫోల్డర్‌లో పెట్టి ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంచండి. అడ్మిన్ మారినా, యాప్ మారినా మళ్లీ ఎక్కించుకోవచ్చు.

ఏడాదికోసారి ఏది ఎంత వాడుతున్నారో చూసి, వాడనివి తీసేయండి. తీసేటప్పుడు గీసినవాళ్లతో మాట్లాడి తీయండి. తీసేస్తే కొన్నిచోట్ల పాత మెసేజీల్లో బొమ్మ పోయి పేరు మాత్రమే మిగులుతుంది. కాబట్టి పేరైనా అర్థమయ్యేలా ఉండటం ఇక్కడా పనికొస్తుంది.

మొదటిసారే యాభై చేయాలనుకోకండి. అయిదు చాలు. గ్రూపులో ఎక్కువసార్లు టైపు చేసిన అయిదు మాటలు ఏరి, బొమ్మలు గీసే కుర్రవాళ్లకు, ఆ మాటలు అనే పెద్దవాళ్లకు కలిపి అప్పజెప్పండి. దూరదేశంలో పుట్టిన మనవడికి 'ఆయ్' అని రాయడం రాకపోవచ్చు. ఎమోజీ పెట్టడం వస్తుంది. పెట్టిన ప్రతిసారీ దాని పేరు కంటబడుతుంది, కొన్నాళ్లకు ఆ పేరు నోట్లోకీ వస్తుంది. మన మాట మన పిల్లల వేళ్ల కిందికి చేరడానికి ఇంత చవకైన దారి ఇంకొకటి లేదు. ఈ ఆదివారమే ఆ పాత మెసేజీలు తెరిచి జాబితా రాయడం మొదలుపెట్టండి.